ముసుగుకీ మూడు పిలుపులు

ఏడో కోత, రెండో రోజు

సోలార్ పలకలు తుడిచాను. ఉప్పు మందంగా పట్టింది. ఉత్తరం పలక మీద కొంగ కూర్చుని ఉంది. అది లేచేదాకా ఆగాను. దానికీ తొందర లేదు, నాకూ లేదు.

కబురు స్తంభం బాగుంది. సముద్రం మీద తేలే మా తెప్పలపేటలో మూడు వందల పన్నెండు తెప్పలు. చివరి ఇరవైకి తప్ప మిగతా అన్నిటికీ మాట సరిగా అందుతోంది.

స్తంభం కాపరి రోజూ ఈ పుస్తకంలో చేత్తో రాయాలని, ఊరి తీర్పులు చెప్పే కట్టు పెద్దల ఆజ్ఞ. యంత్రం తనంతట తాను రాసుకున్న పదేళ్ల రాత ఒక తుఫానులో చెరిగిపోయిందట. అందుకని చేసిన పనీ, జరిగిన వింతా రాయాలి. నేను ఐదో తరగతి దాకా చదివాను. అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. మన్నించాలి.

నాచు కోత మొదలైంది. తాళ్లు బరువుకి మునిగి ఉన్నాయి. ఇంత పంట నేను చూడలేదు. ఏ తెప్ప మీద చూసినా పాటే.

రోజూ లాగే పొద్దున తవిటమ్మ స్తంభం ద్వారా ఊరందరికీ నీటి మాట చెప్పింది. ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు, గాలి ఎటు, ఏ వరసలో కొయ్యొచ్చు, ఇవన్నీ చెప్పాక, "తూరుపు వరసోళ్లూ, నిన్న మీ పులుసు వాసనకి నా బువ్వ సగంలో ఆగిపోనాది. నా వాటా పంపకపోతే రేపటి పోటు సెప్పను" అంది. అని తనే నవ్వింది. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్లు. నవ్వు చిన్నగా మొదలై, చివర్లో ఊపిరి లోపలికి లాగుతుంది. మూడు వందల తెప్పలూ ఆ నవ్వు విని తెడ్డు పట్టుకుంటాయి.

సాయంత్రానికి ఆమెకి ఏడు గిన్నెల పులుసు వచ్చిందని విన్నాను.

మూడో రోజు

పలకలు తుడిచాను. కొంగ రాలేదు.

మధ్యాహ్నం ఎండ నిండుగా ఉంటుంది. యంత్రానికి వాడుకోగా కరెంటు మిగులుతుంది. ఆ గంటసేపు స్తంభంలో ముసుగుల గది తెరుస్తాను. అందరూ నీడన నడుం వాల్చి, చేతి అద్దం అనే చిన్న తెర మీద ఒకరికొకరు రాసుకుంటారు. అక్కడ ఎవరూ సొంత పేరు చెప్పక్కర్లేదు. ఒకరు రొయ్య, ఒకరు ఇసక, ఒకరు అత్తపోరు. రోజూ ఒక పొడుపుకథ వేసేది నత్త.

ఈ రోజు నత్త ఇలా రాసింది: రోజంతా ఎండ మేస్తుంది, పేడ వెయ్యదు. మబ్బు పడితే పస్తు. ఏమిటది?

అరవై మంది జవాబు రాశారు. సోలార్ పలక అని మొదట చెప్పింది రొయ్య. అత్తపోరు మాత్రం "మా ఆయన" అని రాసింది. చాలాసేపు అందరూ నవ్వారు.

నత్త ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. కట్టులో చట్టం చదివే ఆయన ఒకడున్నాడు, పేరు గురువులు. ఆయనే నత్త అని చాలామంది అనుకుంటారు. ఆయన్ని పొగిడితే ఆయన కాదనడు. మీసం సవరించుకుంటాడు.

నత్త నేనే. ఈ పుస్తకం ఎవరూ తిరగెయ్యరు కాబట్టి రాస్తున్నాను. ఎదుట మనిషి ఉంటే నా నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ముసుగులో మాత్రం మాట దానంతట అదే వస్తుంది.

ఐదో రోజు

దక్షిణం తీగ బిగించాను.

గదిలో తిమింగలం అనే ముసుగు తవిటమ్మ నవ్వు గురించి రాసింది. గేదెకి పొలమారితే అలాగే ఉంటుందని. చాలామంది నవ్వారు. నవ్వు గుర్తులు నలభై దాకా పడ్డాయి.

నేను నవ్వలేదు. ఏమీ రాయనూ లేదు.

ఆరో రోజు

తిమింగలం మళ్లీ రాసింది. ఒకటి కాదు, తొమ్మిది. ఆమె నడక మీద, రంగు మీద, పెళ్లి కాకపోవడం మీద.

ఈ రోజు నీటి మాటలో తవిటమ్మ నవ్వలేదు. ఆటు, పోటు, గాలి. అంతే.

ఎనిమిదో రోజు

తిమింగలం నిన్న ఇలా రాసింది: "తవిటమ్మా, నీ గది తలుపుకి గొళ్లెం వదులుగా ఉంది. నాకు తెలుసు."

దానికి ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ ఏమీ అనలేదు కూడా.

పొద్దున తవిటమ్మ స్తంభం దగ్గరికి వచ్చింది. పీట వేశాను. కూర్చోలేదు.

"తాతా, అది ఎవులు రాసినారో నీ స్తంభానికి తెలుసా?"

"తెలుసు."

"నీకు?"

"తెలీదు. కట్టు సెప్తే తప్ప తెరవకూడదు."

"తెరవమని రాలేదులే. దారిలో ఎదురైన పెతివోడినీ సూసి ఈడేనా, ఈడేనా అనుకుంటన్నాను. ఊరంతా ఈడే అయిపోనాడు తాతా."

పీట ఇంకాస్త ముందుకి జరిపాను.

"పద్దెనిమిదో రోజున సరుకుల పడవ వస్తాది కదా. అందులో ఒడ్డుకి ఎలిపోతాను. మా మేనత్త దగ్గరికి. పడవ నడిపే సరంగుకి సెప్పీసినాను, సోటు ఉంచమని."

ఆ పిల్లకి ఒక మాట చెప్పాల్సింది. మంచినీళ్లు ఇచ్చాను.

తొమ్మిదో రోజు

తవిటమ్మ మానేసింది. నీటి మాట యంత్రమే చెప్పింది. "గాలి తూర్పు. పోటు ఏడు గంటలకు. శుభం."

తూర్పు వరస పక్కన సుడి లేచిందని అది చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి. పది మంది కోతగాళ్లు నాచు మోపులతో సహా కొట్టుకుపోయి పడమటి వరసలో తేలారు. అక్కడివాళ్లు వాళ్లకి కడుపు నిండా అన్నం పెట్టి, పొడి బట్టలిచ్చి, నాచు మాత్రం తమ దగ్గరే ఉంచేసుకున్నారు. మా తెప్ప మీద పడినది మాదేనన్నారట.

పదో రోజు

కట్టు కూడింది. పెద్ద తెప్ప మీద జనం పట్టలేదు. కట్టు పెద్ద పెంటమ్మ మధ్యలో కూర్చుంది. గురువులు చట్టం తెరిచి పదకొండో మాట చదివాడు: ఎవరైనా ఇంకొకరిని మాటలతో వెంటాడి వేధిస్తే, ఆ మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలిచి కట్టు ముందు నిలబెట్టాలి.

"అయితే పిలు" అంది పెంటమ్మ.

"ఏ పేరు పెట్టి పిలవమంటావు పిన్నీ? పేరే లేదు కదా. పేరు లేనోడిని పిలవలేం. పిలవలేనోడిని నిలబెట్టలేం. కాబట్టి ఈ చట్టం ముసుగులకి తగలదు."

"తగలదంటే?"

"వాడు ఏం రాసినా మనం ఏమీ చెయ్యలేమని."

"సట్టం రాసినోడు మొకానికి గుడ్డ కట్టుకోడమే ఎరగడు కాబోలు" అంది పెంటమ్మ.

వెనక నుంచి కొందరు లేచారు. అందరి ముసుగులూ ఒకేసారి తీయించండి, ఎవరు ఏమిటో తేలిపోతుంది అన్నారు. ఇంకొందరు ఒప్పుకోలేదు. మొన్న గదిలో ఎవరో ఆడమనిషి తన రోగం గురించి అడిగింది. నలుగురు మందు చెప్పారు. పేరుతో అయితే అడిగి ఉండేదా అన్నారు. అరుపులు పెరిగాయి. పెంటమ్మ మూడు రోజులు గడువు పెట్టి లేచిపోయింది.

తవిటమ్మ ఒక మూల నిలబడి ఉంది. ఎవరి వైపూ చూడలేదు.

నేను ఇంటికి వచ్చి ఆలోచించాను. అందరి ముసుగులూ తీస్తే నత్త పోతుంది. ఎవరివీ తీయకపోతే తవిటమ్మ పోతుంది.

పదకొండో రోజు

పలకలు తుడిచాను. చేప చారు పెట్టుకున్నాను. ఉప్పు వేయడం మరిచిపోయాను. బాగానే ఉంది.

పన్నెండో రోజు

ఈ రోజు నత్త పొడుపుకథ వేయలేదు. ఇలా రాసింది: "ఎవరిదో తెలియని వల మన తాళ్లు తెంపితే మనం ఏం చేస్తాం? గుర్తు తెచ్చుకోండి. వలకి చేసినదే ముసుగుకీ చెయ్యొచ్చు."

చాలామంది బాగుందన్నారు. వెంటనే గురువులు తన సొంత పేరుతో వచ్చి రాశాడు: "నత్త గారూ, ఆలోచన మంచిదే. కానీ రేపు కట్టు ముందు ముసుగు మాట చెల్లదు. పేరు చెప్పి నిలబడి చెప్పేవాళ్లు కావాలి."

గది మూసేశాను. ఇంకా పది నిమిషాలు ఉన్నా మూసేశాను. తప్పు నాదే. రాస్తున్నాను.

పదమూడో రోజు

వివరంగా రాస్తాను. 

ఉతికిన చొక్కా వేసుకుని పెద్ద తెప్పకి వెళ్లాను. కట్టు ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే ఉంది. అందరివీ తీయండి అని సగం, ఎవరివీ వద్దని సగం. నేను చెయ్యి ఎత్తాను. ఎవరూ చూడలేదు. చెయ్యి ఎత్తడం నాకు అలవాటు లేక సగమే ఎత్తాను. చివరికి పెంటమ్మ చూసింది.

"ఏటి దండాసీ, స్తంభం పడిపోనాదా?"

"లేదు."

"మరి?"

"నాను నత్తని."

ఎవరికీ అర్థం కాలేదు. గురువులు మాత్రం మీసం మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఏటన్నావు?" అంది పెంటమ్మ.

"పొడుపుకథల నత్తని. అది నానే. ముసుగు ఎనక మనిసే ఉంటాడు. నా ముసుగు ఎనక నానున్నాను. సట్టం ముసుగుకి తగలదంటే మనిసికి తగలదన్నట్టే. నాను రేపు ఎవుల్నైనా తిడితే, నాను తిట్టినట్టా, నత్త తిట్టినట్టా?"

నా జన్మలో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు. ఊపిరి తీసుకుందామని ఆగాను. ఎవరూ మధ్యలో మాట్లాడలేదు. అందుకని ఇంకా చెప్పాల్సి వచ్చింది.

"ఎవుల్దో తెలీని వల దొరికితే దాన్ని ఈ గెడకర్రకే ఏలాడదీస్తాం. దానికి పేరుండదు. పచ్చదారం వలా, ఓ పచ్చదారం వలా అని మూడుసార్లు పిలుస్తాం. మూడు రోజులు సూస్తాం. ఆ వల మనిసి వచ్చి, తెంపిన తాళ్లు కట్టిచ్చి, కట్టు ఏసిన శిచ్చ పడాలి. రాకపోతే దాని సీసం గుళ్ల మీద గుర్తు సూసి పట్టుకుంటాం. ఆ ఒక్క వల గుర్తే సూస్తాం. ఊళ్లో అందరి వలలూ ఇప్పి సూడం."

పెంటమ్మ గురువుల వైపు తిరిగింది. "ఇది నీ పుస్తకంలో ఉందేటి?"

గురువులు పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "వల సంగతి లేదు పిన్నీ. ఇది ఒడ్డున రాసిన పుస్తకం" అన్నాడు. తర్వాత, "కానీ పేరు పెట్టి పిలవాలని ఉంది. పుట్టినప్పుడు పెట్టిన పేరే కావాలని లేదు. మనుషులు ఏ పేరుకి పలుకుతున్నారో అదే పేరు" అన్నాడు. ఆయన అది నెమ్మదిగా చెప్పాడు. అప్పుడే తెలుసుకున్నట్టు.

పెంటమ్మ లేచి నిలబడింది. చేతులు నోటి దగ్గర పెట్టుకుని సముద్రం వైపు పిలిచింది. "ఓ తిమింగలం." మూడుసార్లు. నేను వెళ్లి తిమింగలం ముసుగుని స్తంభంలో కట్టేశాను. దాని మాట లోపలికి రాదు, బయటికి పోదు. మూడు రోజుల్లో మనిషి రాకపోతే ఆ ఒక్క ముసుగు గుర్తు తెరవమని కట్టు నాకు కాగితం ఇచ్చింది. వేలిముద్రలతో సహా.

బయటికి వస్తుంటే ఒక కోతగాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "తాతా, పోయిన నెల ఏసిన ఆ ఏడు తలల కథకి జవాబేటి? రాత్రుళ్లు నిద్దర్లేదు నాకు."

చెప్పాను. అతను నా వీపు మీద చరిచాడు. నొప్పిగా ఉంది. బాగుంది.

పద్నాలుగో రోజు

పలకలు తుడవడానికి వీల్లేకపోయింది. వరసగా జనం. ఒకామె తన సొంత పొడుపుకథ చెప్పడానికి వచ్చింది. చాలా పెద్దది. జవాబు ఆమెకే గుర్తులేదు.

పదిహేనో రోజు

ఆదెమ్మ వచ్చింది. మా పక్క తెప్ప. నా తమ్ముడి భార్యకి అక్క. పదేళ్లుగా వారానికి ఒకసారి నాకు కూర తెచ్చి ఇస్తుంది. ఈ రోజు గిన్నె నిండా రొయ్యల ఇగురు.

"బావా, ఆ యంత్రంలో ఏటున్నాదో నువ్వు తప్ప ఎవులూ సూడరు కదా."

"నానూ సూడను ఆదెమ్మా."

"సూడొద్దులే. సూడకుండానే తుడిసీ."

గిన్నె మా ఇద్దరి మధ్యా ఉంది. ఆవిరి వస్తోంది.

"నువ్వేనేటి?" అన్నాను.

ఆమె కింద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా పిల్ల బంగారి కూడా ఆ నీటి మాట పనికి ఎల్లింది బావా. తవిటమ్మకి ఇచ్చినారు. కడుపు మండింది. ఒకటంటే ఒకటే రాసినాను. నవ్వినారు. నా మాటకి ఎవులైనా నవ్వడం నా జన్మలో లేదు. అందుకనీసి ఇంకోటి రాసినాను."

నాకు ఆ సంగతి తెలుసు. అరవై మంది జవాబు రాసిన రోజు నేనూ అన్నం తినకుండానే కడుపు నిండినట్టు పడుకున్నాను.

"గొళ్లెం మాట?" అన్నాను.

"అది రాసిన రోజు ఎవులూ నవ్వలేదు" అంది ఆదెమ్మ. నేల వైపు చూస్తూ అంది.

"ఆ పిల్ల భయపడింది. మగోడనుకుంది. ఊళ్లో పెతి మగోడినీ సూసి భయపడింది."

"తుడిసీ బావా. ఇంకెప్పుడూ రాయను. మా బంగారికి తెలిస్తే నా మొకం సూడదు."

"తుడవను."

"పదేళ్లు కూర పెట్టినాను నీకు."

"పెట్టినావు. తుడవను. రేపు నాను తెరిస్తే నిన్ను ఈడిసినట్టుంటాది. నువ్వే ఎల్తే నీ కాళ్ల మీద ఎల్లినట్టుంటాది."

ఆమె గిన్నె తీసుకుని లేచింది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, గిన్నె కింద పెట్టి వెళ్లింది.

పదహారో రోజు

ఆదెమ్మ పొద్దున్నే కట్టు ముందుకి వచ్చింది. పెంటమ్మ "ఓ తిమింగలం" అని పిలిచింది. "నానే" అంది ఆదెమ్మ. జనం నోళ్లు మూతపడలేదు. బంగారి తల్లి పక్కన నిలబడింది. ముఖం చూడలేదు, కానీ పక్కనే నిలబడింది.

కట్టు శిక్ష వేసింది. తిమింగలం ముసుగు పోయింది. ఆదెమ్మకి ఏడాది పాటు గదిలోకి ప్రవేశం లేదు. తవిటమ్మ వరసలో అడుగు పెట్టకూడదు. స్తంభం మాట సరిగా అందని చివరి ఇరవై తెప్పలకి, కోత అయ్యేదాకా రోజూ తెడ్డు వేసుకుని వెళ్లి నీటి మాట నోటితో చెప్పాలి. సొంత పేరు చెప్పి మొదలుపెట్టాలి.

"సాలా?" అని పెంటమ్మ తవిటమ్మని అడిగింది.

"ఆమెకి సాలు" అంది తవిటమ్మ. "కానీ ఒకామె రాసింది. నలబై మంది నవ్వినారు. ఆళ్లెవులో నాకు తెలీదు. ఎవులి మొకం తలుసుకుని పొద్దున్నే మాట్లాడను పిన్నీ? పడవకి ఎల్తాను."

గురువులు గొంతు సవరించుకున్నాడు. "నవ్వుకి చట్టం లేదమ్మా" అన్నాడు. ఎందుకో తల దించుకుని అన్నాడు.

మధ్యాహ్నం గది తెరిచాను. నత్త ముసుగు వాడలేదు. బడే దండాసి అని నా పేరుతోనే రాశాను: "ఎల్లుండి పడవ వస్తుంది. నవ్విన వాళ్లు ఎవరో నేను అడగను, వెతకను. రేవు ఎక్కడుందో మీకు తెలుసు."

జవాబు ఒక్కటీ రాలేదు.

పదిహేడో రోజు

పలకలు తుడిచాను. రెండుసార్లు తుడిచాను. తోచలేదు.

పద్దెనిమిదో రోజు

సరుకుల పడవ పొద్దెక్కాక వచ్చింది. బియ్యం, నూనె దింపి నాచు మోపులు ఎక్కించారు. తవిటమ్మ సంచి భుజాన వేసుకుని రేవు చివర నిలబడింది. నేను సంచి మోస్తానన్నాను. బరువు లేదు తాతా అంది.

సరంగు లంగరు తీయబోతుంటే ఒక చిన్న తెప్ప వచ్చింది. అందులో కోతగాళ్లలో అందరికంటే లావుపాటివాడు. రేవు మీదికి దూకి, తవిటమ్మ ఎదుట నిలబడి, చెయ్యి నలుపుకున్నాడు.

"నాను రొయ్యని" అన్నాడు.

తవిటమ్మ అతన్ని కింది నుంచి పైకి చూసింది.

"గేదె మాటకి నవ్వినాను. తప్పయిపోనాది అప్పా."

అతని వెనకే ఇంకో తెప్ప. ఎండ్రకాయ. దాని వెనక ఇద్దరు అన్నదమ్ములు, వాళ్లకి ఒకటే ముసుగు, వంతులేసుకుని వాడుతారట. తర్వాత వరసగా వస్తూనే ఉన్నారు. కొందరు ముసుగు పేరు చెప్పి, కొందరు ఊరికే తల ఊపి. పక్కపక్క తెప్పల్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు, గదిలో రోజూ పోట్లాడుకునేది తామిద్దరమేనని అక్కడే తెలుసుకుని, అక్కడే మళ్లీ మొదలుపెట్టారు.

గురువులు చట్టం పుస్తకం చంకలో పెట్టుకునే వచ్చాడు. "ఇసక" అని ఒక్క మాట అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "నవ్విన సంగతి కట్టులోనే చెప్పాల్సింది" అన్నాడు.

చివరికి పెంటమ్మ వచ్చింది. ఆమె తన చిన్న పడవ దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

"నువ్వు కూడానేటి పిన్నీ?" అంది తవిటమ్మ.

"అత్తపోరు" అంది పెంటమ్మ. "మొదటి దానికి నవ్వినాను. రెండో దానికి నవ్వలేదు. అయినా మొదటిది మొదటిదే కదే."

పెంటమ్మ మొగుడు ఆ చిన్న పడవలోంచి తొంగిచూశాడు. "ఎండ మేసి పేడ ఎయ్యనిది నానేనా?" అని అడిగాడు. అప్పుడు నవ్వు ఆగలేదు. నేను కూడా అందరి ఎదుట నవ్వాను.

సరంగు ఒడ్డువాడు. తల గోక్కుంటూ చూశాడు. "ఏందిది? రొయ్యలు, ఎండ్రకాయలు, ఇసక. నేను మనుషుల ఊరికే వచ్చానా?" అన్నాడు. తర్వాత తవిటమ్మ వైపు తిరిగి, "ఎక్కుతావా లేదా పాపా? నీ చోటు ఉంచాను. నాకు పొద్దుపోతోంది" అన్నాడు.

తవిటమ్మ నీళ్ల వైపు చూసింది. నురుగు ఎటు జరుగుతోందో చూసింది. తల ఎత్తి గాలి చూసింది. రేవు మీద అందరూ మాట ఆపేశారు.

"పోటు ఇంకో పావుగంటే ఉంటాది" అంది సరంగుతో. "తూరుపు వరస పక్క నుంచి పోకు, సుడి ఉంది. దచ్చినంగా దిగి తిరుగు. ఇంక నా కోసం నిలబడకు, బయలెల్లు."

సరంగు తాడు విప్పాడు.